ఉత్తుత్తి గాలిరంధ్రం గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ వెంట్ గారికి నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం నిన్న మధ్యాహ్నమంతా దగ్గరుండి చూశాను కాబట్టి ప్రత్యేకంగా అడగడం లేదు.

మా బావమరిది కొత్తగా కొన్న రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కడగడంలో సాయం చేయమన్నాడు. బానెట్, తలుపులు, అద్దాలు త్వరగానే అయిపోయాయి. తరువాత, తలుపుకూ వెనక చక్రానికీ మధ్య తమరు వెలసిన చోటికి వచ్చాను. నిగనిగలాడే నల్లటి తేనెపట్టు జాలీ. ఒక్కొక్క గడిలో వానకు తడిసి, ఎండకు గట్టిపడిన ఎర్రమట్టి. ఆ మట్టిలో ఇరుక్కున్న వేపపూత. పైపు పెడితే లోపలికి పోవలసిన నీళ్లు తిరిగి నా మొహం మీదనే పడ్డాయి. గుడ్డ దూరలేదు. పాత టూత్‌బ్రష్ కుచ్చు సగం దాకా వెళ్లి ఆగిపోయింది. చివరకు దూదిపుల్లలు తెచ్చుకుని గడి వెంట గడి తవ్వుతూ కూర్చుంటే, గోరంత లోతున నల్లటి ప్లాస్టిక్ గోడ తగిలింది. ఏ గడిలో చూసినా అదే గోడ. గాలికి దారి లేని ఆ చోట ఊళ్లోని మట్టికి మాత్రం తమరు శాశ్వత నివాసం కల్పించారు. "ఇది దేనికిరా?" అని అడిగితే, మా వాడు ఏ మాత్రం తడుముకోకుండా "లుక్కు కోసం బావా" అన్నాడు.

తమరి పెద్దల సంగతి తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు, కనుక నేనే మనవి చేసుకుంటాను. 1954లో న్యూయార్క్‌లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ జనం ముందుకు వచ్చినప్పుడు, దాని ముందు చక్రాల వెనక కనిపించిన పక్క గ్రిల్స్ ఇంజిన్ గదిలోని వేడిగాలిని బయటికి పంపడానికి పెట్టినవి. 1961 మార్చిలో జెనీవాలో వెలుగు చూసిన జాగ్వార్ ఈ-టైప్ బానెట్ మీది లూవర్లూ, అంటే వాలు రెక్కల చీలికలూ, అందుకే. ఆ కారు ఒంపులను లెక్కలు కట్టి తీర్చిన మాల్కమ్ సేయర్ బ్రిస్టల్ విమానాల కంపెనీ నుంచి వచ్చిన ఏరోడైనమిక్స్ మనిషి. ఫెండర్లతో (చక్రాల మీది రేకులతో) సహా ఒకే ముక్కగా ముందుకు తెరుచుకునే ఆ పొడవాటి బానెట్ పక్కన కాస్త వంగి చూస్తే, లూవర్ల ప్రతి రెక్క కిందా నిజమైన చీకటి ఉంటుంది, ఆ చీకటి అవతల ఇంజిన్ ఉంటుంది. బండి అప్పుడే ప్రయాణం ముగించి వచ్చి ఉంటే, పైన అరచేయి ఆనించగానే సంగతి అర్థమవుతుంది.

లంబోర్గినీ కౌంటాష్ కథ అయితే తమరు వినితీరాలి. బెర్టోనే అనే ఇటలీ డిజైన్ సంస్థలో మార్చెల్లో గాందిని గీసిన ఆ ఆకారం 1971 జెనీవా ప్రదర్శనలో పసుపు రంగు ఎల్‌పీ500గా నిలబడినప్పుడు, గాలి కోసం దానికున్నవి సన్నటి చీలికలే. కాగితం మీది గీత చెక్కుచెదరకుండా రేకు మీదికి దిగింది. తీరా రోడ్డు మీద పరీక్షిస్తే, సీట్ల వెనక ఉన్న పన్నెండు సిలిండర్ల వీ12 ఇంజిన్ వేడికి ఆ చీలికలు ఏ మూలకూ చాలలేదు. బొమ్మ చెడిపోతుందని లంబోర్గినీ వారు ఊరుకోలేదు. భుజాల మీద రెండు పెట్టెలు నిలబెట్టారు. పక్కల, తలుపు నుంచి వెనక ఫెండర్ దాకా, మొనదేలిన లోతైన గాలిదారి కోశారు. నాకా డక్ట్ అనే ఆ దారి, నాసా పుట్టకముందు విమానాల మీద పరిశోధన చేసిన అమెరికా సలహా సంఘం 1940లలో రూపొందించినది. 1974లో కొన్నవారి చేతికి అందిన ఎల్‌పీ400 ఈ గాట్లన్నిటితోనే వచ్చింది. ఆ తరువాతి తరం కుర్రకారు గది గోడలకు అంటించుకున్న పోస్టర్లలో కళ్లప్పగించి చూసింది, గీసినవాడు మొదట గీయని ఆ పెట్టెలనూ ఆ కోతలనూ.

1984 నాటి ఫెరారీ టెస్టరోసాదీ అదే వరస. అంతకుముందున్న 512 బీబీలో రేడియేటర్ ముందుండేది, ఇంజిన్ వెనకుండేది, మధ్యలో వేడినీళ్ల గొట్టాలు లోపల కూర్చున్నవారిని ఉడకబెట్టేవి. అందువల్ల రేడియేటర్లను వెనక పక్కలకు మార్చారు, వాటికి గాలి అందించడానికి తలుపుల పొడవునా అడ్డపట్టీలు పెట్టి వాటి మధ్య సందులు తెరిచారు. నచ్చనివారు ఆ రోజుల్లోనూ ఉన్నారు. కానీ అవి దేనికని అడిగిన వారికి దాన్ని గీసిన పినిన్‌ఫరీనా సంస్థ మనుషులు చూపించడానికి రేడియేటర్లైనా ఉన్నాయి.

ఇక తమరి కాలానికి వద్దాం. 2019 జనవరిలో డెట్రాయిట్‌లో టొయోటా ఐదవ తరం సుప్రా స్పోర్ట్స్ కారును చూపించినప్పుడు, బానెట్ మీద, తలుపుల మీద, బంపర్ల మూలల్లో తమరి బంధువర్గం సకుటుంబంగా కాపురం పెట్టి ఉంది. అభిమానులు నిలదీస్తే, రేసులకు వాడుకునేవారు వాటిని తెరుచుకోవచ్చని చీఫ్ ఇంజినీర్ టెట్సుయా టాడా వివరణ ఇచ్చారు. అది కొంత గౌరవమైన జవాబే; కనీసం వెనక ఒక ఉద్దేశం ఉందన్నారు. మా బావమరిది బండి మీద కొలువైన తమరి వెనక ఏముందో దూదిపుల్లతో చూసే వచ్చాను. కొత్త ఇంటి గోడ మీద కిటికీ బొమ్మ వేయించి, దానికి మళ్లీ దోమతెర బిగించినట్టుంది తమరి వ్యవహారం.

తమరి సావాసగాళ్లను కూడా ఎరుగుదును. అసలు గొట్టం సిగ్గుపడి కింద దాక్కుంటే, బంపర్‌లో క్రోమ్ పూతతో మెరిసే ఉత్తుత్తి సైలెన్సర్ మూతులు. స్పీకర్లలోంచి ఇంజిన్ చప్పుడు వినిపించే కచేరీ. ఏటేటా పెద్దదవుతున్న గ్రిల్. వాళ్లకు విడిగా రాస్తాను.

ఈ లేఖ చదివి పాత కార్ల భక్తులు మీసాలు మెలివేయనవసరం లేదు. తమరి వంశవృక్షం వేరు వాళ్ల పెరట్లోనే ఉంది. 1949లో బ్యూయిక్ కార్ల ముందు ఫెండర్లకు పెట్టిన గుండ్రటి కన్నాలు త్వరలోనే ఉత్త అలంకారమైపోయి, మూడుంటే చిన్న మోడల్, నాలుగుంటే పెద్ద మోడల్ అని ఇరుగుపొరుగుకు చాటే హోదా గుర్తులుగా మిగిలాయి. 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్, ఏ క్లబ్బు సమావేశానికి వెళ్లినా అందరూ చుట్టూ మూగే ఆ మస్టాంగ్, వెనక చక్రాల ముందు పెట్టుకున్నది తమరి సాక్షాత్తు తాతగారినే. కౌంటాష్‌కు తరువాతి రోజుల్లో తగిలించిన ఆ పెద్ద రెక్క, బండి గరిష్ఠ వేగాన్ని పెంచకపోగా తగ్గించింది. పాతదల్లా నిజాయితీ, కొత్తదల్లా బూటకం అనేవారితో నాకు పొత్తు లేదు.

నేటి డిజైనర్ల ఇబ్బందీ నాకు తెలియనిది కాదు. పాదచారి తల తగిలితే నొక్కుకోవడానికి బానెట్ కింద ఖాళీ ఉండాలి. పక్కనుంచి గుద్దితే తట్టుకోవడానికి తలుపుల్లో ఉక్కు దూలాలు ఉండాలి. వీటన్నిటికీ తోడు టైర్లు, మోజులు కలిసి బండ్లు ఉబ్బిపోయాయి. మొదటి తరం పోర్షె 911 వెడల్పు 1610 మిల్లీమీటర్లు. అదే పేరుతో 992 తరంలో వచ్చిన కరేరా వెడల్పు 1852. అంత రేకును మొండిగోడలా వదిలేయలేక మధ్యలో ఏదో ఒకటి పెట్టి కంటిని మభ్యపెట్టాలి, అక్కడ చవకగా దొరికే కూలీ తమరు. ఇంతవరకు ఒప్పుకుంటాను. అయితే 2017 నాటి మెక్‌లారెన్ 720ఎస్ కూడా ఈ చట్టాల కిందే పుట్టింది. దాని తలుపుకు రెండు పొరలు పెట్టి, వాటి మధ్య నుంచి గాలిని రేడియేటర్లకు నడిపించారు. పక్కనుంచి చూసేవాడికి రంధ్రం ఎక్కడుందో ఒక పట్టాన దొరకదు. పనిచేసేది అక్కడ అణిగిమణిగి దాక్కుంటే, ఏ పనీ చేయని నీకు ఇక్కడ నల్ల జాలీ, మెరిసే అంచు, బ్రోచరులో దగ్గరి ఫొటో!

అవును, ఇక తమరు అననుగాక అనను. గాలి పీల్చవు, వేడి వదలవు, బ్రేకు చల్లబరచవు. నీకోసం ఎవరో అచ్చు పోయించారు, క్లిప్పులు బిగించారు, బండి బరువులో నీ వాటా కలిపారు, ధరలో కూడా కలిపే ఉంటారు. నిన్ను పీకి ఆ చోట నున్నటి రేకు వేసి రంగు కొడితే బండికి వచ్చే నష్టం ఏమిటో నువ్వే చెప్పు. ఆ ఒంపు బాగుంటే దానంతట అదే నిలబడుతుంది. బాగుండకపోతే, బాగుండలేదన్న సంగతి గీసినవాడికి తెలియనీ. నువ్వు అడ్డంగా కూర్చుని అతడిని ఎన్నాళ్లు కాపాడతావు?

ఇక నుంచి మా ఇంట్లో ఎవరు కారు కొనడానికి బయలుదేరినా చేతిలో చీపురుపుల్లతో నేనూ వెంట వెళ్తాను. షోరూములో ఏసీ కింద, వంద దీపాల వెలుగులో, బండికి ఎన్ని నోళ్లుంటే అన్ని నోళ్లలోనూ పుల్ల పెట్టి చూస్తాను. ఎన్నిట్లో పుల్ల అడ్డం తగులుతుందో అన్ని ఉత్తుత్తి రంధ్రాల ఖరీదు బిల్లులోంచి తగ్గించమని అడుగుతాను. మేనేజరు గారు వచ్చేదాకా కదలను.

ఇట్లు,
పుల్ల పట్టుకున్న ఒక ఖాతాదారు