అమ్మమ్మది కాని ముఖం

మా అమ్మమ్మ సంవత్సరీకానికి పటం కట్టిద్దామని విజయనగరంలోని ఒక స్టూడియోకి పాత నలుపు తెలుపు ఫోటో ఇస్తే, కృత్రిమ మేధతో బాగుచేశామంటూ వారు చేతికిచ్చిన బొమ్మలో ఆవిడ గడ్డం మీది పచ్చబొట్టు లేదు, ముక్కుకుండే అడ్డబాస మాయమైంది, నోట్లో మాత్రం ఎన్నడూ ఎరుగని తెల్లటి పలువరస మెరిసిపోతోంది. మసకబారిన చోట అసలు ఏముండేదో ఆ యంత్రానికి తెలియదు కనుక, తాను లెక్కలేనన్ని ముఖాలు చూసి నేర్చుకున్న పోలికలలోంచి ఏదో ఒకటి ఊహించి అక్కడ అతికిస్తుంది. దీనిని మరమ్మతు అనడం అన్యాయం. పైగా దానికి అదనపు రుసుము!

1975లో కొడాక్ కంపెనీలో ఇంజనీరు స్టీవెన్ సాసన్ రూపొందించిన తొలి డిజిటల్ కెమెరా 0.01 మెగాపిక్సెల్ బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది; ఆ బొమ్మ ఎంత గరుకుగా ఉన్నా ఎదుట ఉన్నదాన్నే చూపింది. నేటి ఫోన్లు రెప్పపాటులో అనేక చిత్రాలు తీసి, వాటిని కలిపి ఒకటిగా వండి వడ్డిస్తున్నాయి. చీకట్లో తీసేటప్పుడు అది మేలే, కాదనను. కానీ విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడులాంతర్ల కూడలి దగ్గర ఎండకు కమిలి, చెమటతో తడిసిన ముఖాలను కూడా పెళ్లిపీటల మీది ముఖాల్లా నున్నగా చేసిపెట్టమని ఎవరడిగారు? ఆ సవరణను ఆపే మీట సెట్టింగులలో ఏ మూలనుందో వెతుక్కోవడం మన ఖర్మ. కొన్ని ఫోన్లలో అది పూర్తిగా ఆగనే ఆగదు.