సవరణ: దానిమ్మను తెచ్చింది పోర్చుగీసువారు కాదు

గత వారం దానిమ్మ గురించి రాస్తూ, మిరప, బొప్పాయిల్లాగే దీన్నీ పోర్చుగీసువారే మన దేశానికి తెచ్చారన్నాను. అది తప్పు. ఆ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. దానిమ్మ పుట్టిల్లు ఇరాన్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరడానికి ఎన్నో శతాబ్దాల ముందే మన వైద్యులకు దాడిమం (సంస్కృతంలో దానిమ్మ పేరు) బాగా తెలుసు. చరక సంహితలో దాని ప్రస్తావన ఉంది. ఆయుర్వేద దుకాణాల్లో దాడిమాష్టక చూర్ణం ఇప్పటికీ దొరుకుతుంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో చెబుతాను. మా అనంతపురం చుట్టుపక్కల బోరుబావుల కింద, డ్రిప్పు పైపులతో కనిపించే తోటలు ఈమధ్యవి. వాటిలో ఎక్కువగా ఉన్న భగవా రకం మహారాష్ట్రలోని రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. తోట కొత్తది కాబట్టి చెట్టూ కొత్తదే అనుకున్నాను.

ఇంకొకటి. భగవా గింజలు ఎండబెడితే, కూరల్లో పులుపు కోసం వేసే అనార్‌దానా అవుతుందనీ రాశాను. అసలు అనార్‌దానాకు వాడేది హిమాలయ ప్రాంతపు పుల్లని అడవి దానిమ్మ. అక్కడ దాన్ని దారూ అంటారు. ఇంట్లో భగవా గింజలు ఎండబెట్టి చూశాను. నాలుగు ఎండలకు నల్లబడి, వేళ్లకు బంకలా అంటుకున్నాయి. నమిలితే తీపే తప్ప పులుపు లేదు. నా మాట నమ్మి కూరలో వేసుకున్నవారు మన్నించాలి. దారూ గింజలు దొరకకపోతే కాస్త చింతపండు పులుసు పోయండి.