ప్రభుత్వ చుక్కలను చిన్నచూపు చూసేవారికి

ఒక తల్లిని నలుగురిలో సిగ్గుపడేలా చేసి, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ టీకా అమ్మడం ఏ రకమైన వైద్యం? సాయంత్రం నుంచి ఈ ప్రశ్న నన్ను నిలవనివ్వడం లేదు.

మా ఇంట్లో వంట చేసే అక్కది మదనపల్లె వైపు. ఆమె బెంగళూరు వచ్చి చాలాకాలమైనా కూతురి కాన్పు, పసివాడి తొలి నెలలు ఊళ్లోనే జరిగాయి. వాడికి ఇప్పుడు తొమ్మిది నెలలు. నీళ్ల విరేచనాలు పట్టుకుంటే తల్లీ అమ్మమ్మా కలిసి ఇక్కడి ఒక ప్రైవేటు పిల్లల క్లినిక్కుకు తీసుకెళ్లారు, తోడుగా నేనూ వెళ్లాను. డాక్టరు గారు చూసి భయపడాల్సిందేమీ లేదన్నారు. పిల్లవాడు పాలు తాగుతున్నాడు, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయి, మూత్రం పోస్తున్నాడు. ఓఆర్ఎస్, జింకు రాసి పంపారు. అంతటితో అయిపోవాల్సింది. బయట బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి టీకా కార్డు తిరగేసి, వరుసలో ఉన్నవాళ్లందరూ వింటుండగా, తెలుగులోనే అంది: “ప్రభుత్వ రోటా చుక్కలే వేయించారా? అందుకే వచ్చింది. అవి ఒక్క రకం వైరస్‌కే పనిచేస్తాయి. ఐదు రకాలది మా దగ్గర ఉంది. పిల్లల విషయంలో డబ్బు చూసుకుంటే ఎలా అమ్మా?”

ఆ తల్లికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. తల దించుకుంది. అమ్మమ్మ కొంగు ముడి విప్పబోయింది. నేను అడ్డుపడి ఇద్దరినీ బయటికి తీసుకొచ్చాను కానీ, అక్కడ చెప్పవలసినదంతా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

ఆ పిల్లవాడికి వచ్చింది రోటావైరస్ అని ఎవరు తేల్చారు? మలపరీక్ష చేశారా? లేదు. పసిపిల్లల విరేచనాలకు నోరోవైరస్ ఉంది, ఆడినోవైరస్ ఉంది, ఈకొలై ఉంది, ట్యాంకరు నీళ్లు ఉన్నాయి. రోటా టీకా వేయించుకున్న బిడ్డకు ఇక జన్మలో విరేచనాలే రాకూడదని ఎవరూ ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఆ టీకా చేసే పని వేరు. రోటావైరస్ సోకినా, కళ్లు లోతుకు పోయి, నాలుక ఎండిపోయి, సెలైన్ ఎక్కించే స్థితికి బిడ్డ చేరకుండా చూడడం దాని పని. టీకా రాకముందు మన దేశంలో ఈ ఒక్క వైరస్ వల్ల ఏటా సుమారు 78,000 మంది ఐదేళ్లలోపు పిల్లలు చనిపోయేవారని, ఎనిమిది లక్షలకు పైగా ఆసుపత్రుల్లో చేరేవారని అంచనా. ఆ తొమ్మిది నెలల పిల్లవాడు ఇంట్లోనే తాగుతూ, ఆడుతూ కోలుకుంటున్నాడు. దాన్ని పట్టుకుని టీకా విఫలమైందని ఒక బీద తల్లి ముఖం మీద అనడానికి నోరెలా వచ్చింది?

పైగా తొమ్మిది నెలల బిడ్డకు ఇప్పుడు వాళ్లు ఏ డోసు వేస్తారు? ప్రైవేటు క్లినిక్కుల్లో వేసే విదేశీ రోటా టీకాల చివరి డోసు ఎనిమిది నెలల లోపే ముగించాలి. ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఆ మాత్రం తెలియదా? తెలిసీ కొంగు ముడి విప్పించబోయారా?

ఇక ఆ “రకాల” సంగతి. రోటావైరస్‌లో రకాలు ఎన్నో ఉన్న మాట నిజం. దాని జన్యు పదార్థం ఒకే దారంగా ఉండదు, పదకొండు ముక్కలుగా ఉంటుంది. ఒకే బిడ్డ పేగులో రెండు రకాలు ఒకేసారి చేరితే పేకముక్కలు కలిపినట్టు ఆ ముక్కలు కలిసిపోయి కొత్త రకం పుడుతుంది. పైపొరలోని రెండు ప్రొటీన్లను బట్టి వాటికి జీ, పీ అని అంకెలు పెట్టారు. జీ1పీ8, జీ2పీ4, జీ9పీ8, జీ12, ఇలా. మన దేశంలో ఏ రకం ఎక్కడ తిరుగుతోందో చూడడానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2005లోనే ఆసుపత్రుల వల ఒకటి ఏర్పాటు చేసింది. ఒకప్పుడు జీ1పీ8 రాజ్యమేలింది, తర్వాత జీ3పీ8 పైకి వచ్చింది. ఊరికీ ఊరికీ, ఏడాదికీ ఏడాదికీ వరుస మారుతూనే ఉంటుంది. మరి ఇలా మారే వైరస్‌కు ఏ రకానికి ఆ రకం టీకా కావాలంటే ఎవరివల్ల అవుతుంది? అదృష్టవశాత్తు అలా అక్కర్లేదు.

దీనికి రుజువు ఎక్కడో లేదు, మన పక్కనే రాయవేలూరులో ఉంది. చిత్తూరు జిల్లాలో సగం మంది జబ్బు చేస్తే పరుగెత్తే ఊరు అది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు మురికివాడల్లో పుట్టిన పిల్లలను మూడేళ్లపాటు ఇంటింటికీ తిరిగి గమనించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. మూడుసార్లు రోటావైరస్ సోకిన పిల్లలకు ఆ తర్వాత ఒక మోస్తరు నుంచి తీవ్రమైన జబ్బు రాకుండా 79 శాతం రక్షణ కలిగింది. ఒక రకం సోకితే ఆ రకం నుంచే ఎక్కువ కాపు అన్న జాడ మాత్రం కనిపించలేదు. మెక్సికోలో ఇలాంటి పరిశీలనలోనే రెండుసార్లు సోకిన పిల్లలకు అంతటి జబ్బు మళ్లీ రాలేదు. మన పిల్లలకు మూడుసార్లు సోకినా పూర్తి రక్షణ లేదు. అంటే లోటు టీకా సీసా మీది అంకెలో లేదు. మన నీళ్లలో, మన మురుగులో, పుట్టిన నాటి నుంచి పసిపేగులను వదలని ఇతర క్రిముల్లో ఉందని అనుమానం. ఆ లోటు ఐదు రకాలని రాసి ఉన్న పెట్టె కొంటే తీరదు.

అంకెలే కావాలంటే ఇవిగో. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఉచితంగా వేయడం మొదలుపెట్టిన రోటావ్యాక్‌లో ఉన్నది ఒకే రకం, జీ9పీ11. ఢిల్లీ, పుణె, వేలూరులలో సుమారు 6,800 మంది పసిపిల్లలపై జరిగిన పరీక్షలో అది మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించింది. టీకాలో లేని రకాల మీద కూడా పనిచేసింది. పుణెలో తయారయ్యే రోటాసిల్‌లో ఐదు రకాలున్నాయి. మన దేశంలో జరిగిన పరీక్షలో దాని ఫలితం 40 శాతానికి కాస్త అటూ ఇటూ. రెండూ వేర్వేరు పరీక్షలు కాబట్టి పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని నేను అనను. రెండూ మంచి టీకాలే, రెండింటికీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది. కానీ ఐదంటే ఐదింతలన్న మాట మాత్రం పచ్చి అబద్ధం. ఇంకో సంగతి, ఆ ఐదు రకాల రోటాసిల్‌ను కూడా కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది. ఉచితంగా వచ్చేది నాసిరకమన్న మాట ఇక ఎక్కడ నిలుస్తుంది?

అసలు బెంగళూరు వాళ్ల నోట ఈ మాట వినడమే నాకు మరీ బాధ. రోటా టీకా కథలో ఈ నగరానికి ఒక అధ్యాయం ఉంది. 1980ల చివరి కాలంలో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.దుర్గారావు గారి బృందం, విరేచనాలేమీ లేని బెంగళూరు నవజాత శిశువులలో ఒక కొత్త రోటావైరస్‌ను గుర్తించింది. ఐ321 అని దాని పేరు, రకం జీ10పీ11. పదకొండు ముక్కల్లో ఎక్కువ భాగం పశువుల వైరస్‌వి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె.భాన్ గారి బృందానికి అలాగే పసికందులలో దొరికినది 116ఈ. రెండూ టీకా కోసం పోటీలో నిలిచాయి. తొలి పరీక్షల్లో పిల్లల ఒంట్లో మెరుగైన స్పందన తెచ్చినందుకు 116ఈ ముందుకు వెళ్లింది, హైదరాబాదులోని భారత్ బయోటెక్ చేతిలో రోటావ్యాక్ అయింది. ఎంతమంది శాస్త్రవేత్తలు, ఎన్నేళ్ల శ్రమ! ఆ ఐదు చుక్కల వెనుక ఇంత ఉందని తెలియకుండా “ప్రభుత్వ చుక్కలే కదా” అని పెదవి విరుస్తారు. మా అపార్టుమెంటులో చదువుకున్నవాళ్లూ ఇదే ధోరణి. ఖరీదైతేనే మందు, లేకపోతే మందే కాదు.

ఓఆర్ఎస్ కథా ఇలాగే నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు ఉన్న పొడి చవకగా దొరుకుతుంటే, పంచదార పానీయాలకు అదే పేరు అంటించి ఏళ్ల తరబడి అమ్మారు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఒంటరిగా ఎనిమిదేళ్లు పోరాడితే తప్ప, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడవద్దని ఆదేశించలేదు. విరేచనాలతో ఉన్న బిడ్డకు చక్కెర ఎక్కువైతే జబ్బు ముదురుతుంది. అది తెలిసీ అమ్మారు.

ఇంతకీ నా కడుపు మండేది వేరే చోట. ఈ నగరంలో నిజంగా రోటా చుక్కలు అందని పిల్లలున్నారు. వాళ్ల గురించి ఏ బల్ల దగ్గరా ఎవరూ మాట్లాడరు. వర్తూరు, వైట్‌ఫీల్డ్, సర్జాపురం రోడ్డు పక్కన రేకుల షెడ్లలో చూడండి. కర్నూలు నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి మన అంతస్తులు కడుతున్నవాళ్ల పిల్లలు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు డోసులు పడాలి. మొదటిది ఊళ్లో పడుతుంది. రెండోదాని వేళకు తల్లి ఇక్కడ ఇటుకలు మోస్తుంటుంది. మూడోదానికి పని ఇంకో చోటికి మారుతుంది. కార్డు తెలుగులో ఉందని, ఇక్కడి పుస్తకంలో పేరు లేదని, ఊళ్లోనే వేయించుకోమని తిప్పి పంపిన తల్లులను నేను చూశాను. ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి రెండోసారి వస్తుందా? నీళ్లు డ్రమ్ముల్లో, మరుగుదొడ్డి ఊహల్లో. రోటావైరస్‌కు అంతకంటే అనువైన చోటు లేదు.

ఆరో వారంలో తప్పిపోయినా, ఏడాది నిండేలోపు మొదటి డోసు మొదలుపెట్టవచ్చని ప్రభుత్వ నిబంధనే చెబుతోంది. ఇది దేశమంతటికీ ఒకటే కార్యక్రమం, 2019 నుంచి అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. కాబట్టి కార్డు ఏ భాషలో ఉన్నా, ఏ జిల్లాది అయినా, అసలు కార్డే లేకపోయినా, వచ్చిన బిడ్డ నోట్లో చుక్కలు పడాలి. ఏఎన్ఎంలు షెడ్ల దగ్గరికి వెళ్లాలి, అదీ కూలి ముగిసే వేళకు. మేస్త్రీలకూ కాంట్రాక్టర్లకూ నెలకు ఒక గంట పని ఆపి ఆ తల్లులను పంపాలన్న షరతు ఉండాలి. మా వార్డు ఆరోగ్య కేంద్రానికి ఈ మాటే రాసి ఇస్తున్నాను. మీ వార్డులో మీరూ రాసి ఇవ్వండి.