గబ్బిలాల చెట్లను కొట్టించమనే సందేశానికి జవాబు

కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ కేసు బయటపడిన ప్రతిసారీ ఒకే సందేశం మా వాట్సాప్ గ్రూపులను చుట్టబెడుతోంది. ఈసారి నలుగురు మిత్రులు విడివిడిగా పంపారు. 2018లో గబ్బిలాల్లో వైరస్ లేదన్న ల్యాబే తర్వాత ఉందని మాట మార్చిందట, ప్రతి అయిదు గబ్బిలాల్లో ఒకటి నిపాను మోస్తోందట, కోడిమాంసంతోనూ అది సోకుతుందట, కాబట్టి ఊళ్లో గబ్బిలాలు వేలాడే చెట్లన్నీ కొట్టించాలట. చివరన, గబ్బిలాలు కొరికిన పండ్లు తినవద్దని ఒక వాక్యం ఉంది.

కోళ్ల నుంచి మనిషికి నిపా వచ్చిన దాఖలా ఎక్కడా లేదు. 1998-99లో మలేషియాలో నిపా వ్యాపించినప్పుడు దాన్ని గబ్బిలాల నుంచి మనిషికి చేర్చినవి పందులు.

మాట మార్చారన్న ఆరోపణ కూడా నిలవదు. 2018లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో మొదట రోగం పాలైన కుటుంబం బావిలో పట్టినవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. భోపాల్‌లోని జంతురోగాల ల్యాబ్ వాటిలో వైరస్ లేదని చెప్పింది, తర్వాత అందిన కొద్దిపాటి పండ్ల గబ్బిలాల నమూనాల్లోనూ దొరకలేదని చెప్పింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ ప్రాంతపు పెద్ద పండ్ల గబ్బిలాలు 52ను పరీక్షించినప్పుడు 10 గొంతు నమూనాల్లో వైరస్ ఆనవాలు దొరికింది. దాని జన్యుక్రమం రోగుల్లోని వైరస్‌తో 99.7 నుంచి 100 శాతం సరిపోలింది. చూసిన జంతువులు వేరు, చూసిన ల్యాబ్ వేరు. గబ్బిలం వైరస్‌ను అన్ని వేళలా విసర్జించదు గనుక, కొద్ది నమూనాల్లో కనబడనంత మాత్రాన అది లేదని అర్థం కాదు. అలాగే ఆ 52లో 10 అన్న లెక్క ఆ చోటుకూ ఆ రోజులకూ చెందినది. దాన్ని పట్టుకుని దేశంలోని గబ్బిలాలన్నిటినీ ఒకే గాటన కట్టడం లెక్క తెలిసినవారు చేసే పని కాదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది చెట్లు కొట్టించమన్న సలహా. ఉగాండాలోని కిటాకా గనిలో 2007లో కార్మికులకు ఎబోలా కుటుంబానికే చెందిన ప్రాణాంతకమైన మార్‌బర్గ్ వైరస్ సోకింది. అది అక్కడి గబ్బిలాల నుంచే వచ్చిందని తెలియగానే గనివారు వాటిని మూకుమ్మడిగా చంపేశారు. మరి రోగం పోయిందా? 2012లో దగ్గరి ఇబాండా పట్టణంలో మళ్లీ మార్‌బర్గ్ వచ్చింది. గనికి తిరిగి చేరిన గబ్బిలాలను పరీక్షిస్తే, చంపకముందు సుమారు 5 శాతంగా ఉన్న సోకుడు 13 శాతం దాటింది. ఖాళీ అయిన గూటిలోకి ఇంతవరకు వైరస్ సోకని కొత్త గబ్బిలాలు చేరడమే ఇందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. ఈ అనుభవం కళ్లెదుట ఉండగా ఊరి చింతచెట్టు మీద గొడ్డలి వేయమని పదిమందికి పంపేవారు, రేపు చెదిరిన ఆ గబ్బిలాలు ఎవరి తోటలో వాలితే వారికి ఏం సమాధానం చెబుతారు?

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. 2018లో ఆ మొదటి రోగికి వైరస్ గబ్బిలం నుంచి ఏ దారిన చేరిందో తేలలేదు, కాబట్టి అనుమానించడం తప్పు కాదు. పైగా ఆ చివరి వాక్యం నూటికి నూరుపాళ్లు సరైనది. మలేషియాలోని తియోమాన్ దీవిలో పరిశోధకులు గబ్బిలాల చెట్ల కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచి పట్టిన మూత్రంలోనే కాక, అవి సగం కొరికి పడేసిన పండు మీద కూడా బతికున్న నిపా వైరస్ దొరికింది. బంగ్లాదేశ్‌లో రాత్రివేళ ఈతచెట్లకు కెమెరాలు కట్టి చూస్తే, రసం కోసం చెట్టుకు పెట్టిన గీత నుంచి కారే తీపి రసాన్ని ఈ గబ్బిలాలే నాకుతూ కనిపించాయి. అక్కడ ఆ పచ్చి రసం తాగినవారికి పదేపదే నిపా సోకింది. అందుకు విరుగుడు చెట్లను నరకడం కాదు. అక్కడ గీతనూ రసం పట్టే కుండ మూతినీ కప్పేలా వెదురు తడిక కట్టారు, దాంతో గబ్బిలాలు రసాన్ని ముట్టడం బాగా తగ్గింది. మిత్రులు పంపవలసిన సందేశం ఆ తడిక గురించి.