ప్రింటరు జలాల ట్రిబ్యునల్ వెంటనే వెయ్యాలి

రెండు రాష్ట్రాల గుండా ఒకే నది పారితే తగాదా తప్పదని రాజ్యాంగం రాసిన పెద్దలకు ముందే తెలుసు. అందుకే 262వ అధికరణం పెట్టి వెళ్లారు. దాన్ని పట్టుకుని పార్లమెంటు 1956లో నదీజల వివాదాల చట్టం చేసింది. 1969లో కృష్ణా మీద బచావత్ ట్రిబ్యునల్ కూర్చుంది, 1973లో తీర్పు చెప్పింది. చివరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటాగా తేలిన 811 టీఎంసీల లెక్కతో 2014 తర్వాత కూడా మనకు చేతినిండా పని ఉంది. ఇంత ముందుచూపున్న దేశంలో, ఒక ఫ్లాటు, ఒక ప్రింటరు, నాలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్న కుటుంబం ఏ గడప తొక్కాలో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. లోపం తీవ్రమైనది. సవరణ తక్షణావసరం.

నమూనాగా ఒక ఇంటిని తీసుకుందాం. ఎవరిదని అడక్కండి. హాల్లో నాన్నగారి డెస్క్‌టాప్, అది విండోస్. కూతురిది ఆఫీసువాళ్లిచ్చిన మ్యాక్‌బుక్. కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, కాబట్టి ఉబుంటు, అంటే లైనక్స్‌లో ఒక రకం. అమ్మ హైస్కూల్లో తెలుగు చెబుతుంది, ఆవిడ రాజ్యమంతా ఆండ్రాయిడ్ ఫోన్లో. వీళ్లందరికీ కలిపి ఒక నలుపు తెలుపు లేజర్ ప్రింటరు. వైఫై లేదు, ఉన్నదొక్క యూఎస్‌బీ తీగ. ఇంట్లో అందరికంటే ఎక్కువ కాగితాలు కావలసింది అమ్మకి. ప్రింటరు అందరికంటే దూరంగా ఉన్నదీ అమ్మకే. చివరి ఆయకట్టు రైతు ఎప్పుడూ ఇలాగే ఉంటాడు.

ఇక్కడ జలనీతి చాలా సరళం. తీగ ఎవరి కంప్యూటరుకు గుచ్చి ఉందో వాళ్లదే ఎగువ రాష్ట్రం. నాన్నగారి డెస్క్‌టాప్ మేలుకుని ఉంటేనే దిగువకు చుక్క రాలుతుంది. ఆయన రాత్రి తొమ్మిదిన్నరకు మెషిన్ ఆపేసి, స్విచ్‌బోర్డు దగ్గర స్టెబిలైజరు కూడా ఆపేసి, 'కరెంటు ఊరికే వస్తోందా' అని ఒక ప్రకటన జారీ చేసి పడుకుంటారు. పది గంటలకు కొడుక్కి రికార్డు గుర్తొస్తుంది. పదింపావుకు అమ్మకి రేపటి స్లిప్ టెస్టు గుర్తొస్తుంది. డ్యాం గేట్లు అప్పటికే దించేశారు.

పగలు గేట్లు తెరిచి ఉన్నప్పుడైనా నీళ్లొస్తాయా అంటే, ముందు పాస్‌పోర్టు చూపించాలి. ప్రింటరు ప్రాపర్టీస్‌లోకి పోయి షేరింగ్ దగ్గర టిక్కు పెట్టగానే పని అయిపోయిందని అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. టిక్కు పెట్టడమంటే శంకుస్థాపన మాత్రమే. విండోస్ ముందుగా ఆ ఇంటి వైఫైని పరీక్షగా చూసి, 'ఇది పబ్లిక్ నెట్‌వర్క్' అని ఒక అభిప్రాయానికి వస్తుంది. పబ్లిక్ అంటే దాని దృష్టిలో రైల్వే స్టేషను లాంటి చోటు, అక్కడ ఏదీ పంచకూడదు. సొంత ఇంటిని ప్రైవేటు ఇల్లుగా గుర్తించమని సెట్టింగుల్లో అర్జీ పెట్టుకోవాలి. అది మంజూరయ్యాక 445 నంబరు తూము, అంటే పంచుకోవడానికి వాడే నెట్‌వర్క్ పోర్టు, తెరుచుకుంటుంది. కొడుకు తన గదిలోంచి తలుపు తడతాడు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది.

"నాన్నా, మీ కంప్యూటరు పాస్‌వర్డ్ ఏంటి?"

"నేను పుట్టిన సంవత్సరంరా. రోజూ అదేగా కొడుతున్నా."

"అది పిన్ను నాన్నా. ఇది పాస్‌వర్డ్ అడుగుతోంది."

"రెండూ వేరా? అయితే అది కంప్యూటరు కొన్నరోజు షాపులో కుర్రాడు పెట్టాడు. వాడికే తెలియాలి."

ఈ సంభాషణ ఈ సాయంత్రం ఎన్ని ఇళ్లలో జరుగుతోందో ఆ భగవంతుడికే ఎరుక. పిన్ను ఆ ఒక్క మెషిన్ ముందు కూర్చున్నవాడికే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాడికి అసలు ఖాతా పాస్‌వర్డే కావాలి. మార్చుకుందామంటే ఓటీపీ ఆ షాపు కుర్రాడు అప్పట్లో వాడిన నంబరుకు పోతుంది. కుర్రాడికి ఈపాటికి పెళ్లయి ఉంటుంది.

ఎగువ రాష్ట్రం దగ్గర ఇంకో అస్త్రం ఉంది, దాని పేరు అప్‌డేట్. 2021 వేసవిలో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో, అంటే ప్రింటు పనులను వరసలో నిలబెట్టే భాగంలో, ఒక పెద్ద కంత బయటపడింది, దానికి ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. దొంగలు అందులోంచి దూరి మొత్తం కంప్యూటరునే చేజిక్కించుకోగలరు, కాబట్టి మూయక తప్పదు. ఆ మూతల పరంపరలో సెప్టెంబరు అప్‌డేట్ వచ్చేసరికి, అప్పటిదాకా బుద్ధిగా పంచుకుంటున్న ప్రింటర్లు ప్రపంచమంతటా 0ఎక్స్0000011బి అనే సంఖ్య చూపించి చేతులెత్తేశాయి. జనం ఏం చేశారు? కొందరు అప్‌డేట్ పీకేశారు, కొందరు విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలోకి వెళ్లి ఆ కొత్త భద్రతను సున్నా చేసేశారు. కాలువ కట్టకి రాత్రిపూట గండి కొట్టడం మన రైతులకే చేతనవుననుకున్నాం, కాదు.

దిగువ రాష్ట్రాల చరిత్ర మాత్రం రోమాంచకం. మ్యాకూ, లైనక్సూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవనుకుంటాం గానీ రెంటికీ ప్రింటు దగ్గర బావి ఒక్కటే. దాని పేరు కప్స్, ప్రింటు పనులు నడిపే సాఫ్ట్‌వేర్. మైకేల్ స్వీట్ అనే ఆయన 1997లో మొదలుపెట్టాడు, 2002లో యాపిల్ తన మ్యాక్‌లో పెట్టుకుంది, 2007లో సోర్సు కోడుతో, అంటే ప్రోగ్రాం అసలు రాతతో సహా కొనేసి ఆయన్నే ఉద్యోగంలోకి తీసుకుంది. విండోస్ తూము దగ్గర మాట్లాడాల్సిన భాషను లైనక్స్‌కు నేర్పింది సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి 1992లో, తీగల్లో పారే మాటలు విని విని రాసింది అది. అంతకంటే ముందు కథ ఇంకా ఉంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబులో అందరూ పంచుకునే ఒక జిరాక్స్ లేజర్ ప్రింటరు ఉండేది, మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. ఇరుక్కున్నప్పుడు అందరి తెరల మీదా కబురొచ్చేలా ప్రోగ్రాం మారుద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ అడిగితే సోర్సు కోడు ఇవ్వలేదు. ఆ మంట ఆరలేదు. 1983లో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు ప్రకటించాడు, ఆ ఉద్యమం నీడలోనే తర్వాత లైనక్స్ ఎదిగింది. అంటే ఉమ్మడి ప్రింటరు మీది కోపంతో ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమే పుట్టింది. నలభై ఏళ్ల పైచిలుకు గడిచాక ఆ ఉద్యమ వారసుడైన మన కొడుకు ఇవాళ ఏం చేస్తున్నాడు? పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నాన్నగారి కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

కారణం చెప్పాలి కదా. చవక లేజర్ ప్రింటర్లలో చాలావాటికి సొంత బుర్ర ఉండదు. పోస్ట్‌స్క్రిప్ట్ లాంటి పేజీ భాష ఏదీ వాటికి రాదు. పేజీలో ఏ చుక్క ఎక్కడ పడాలో కంప్యూటరే లెక్కగట్టి, ఆ కంపెనీకి మాత్రమే తెలిసిన ఒక రహస్య లిపిలో పంపాలి. ఆ లిపి తెలిసిన డ్రైవరును కంపెనీ విండోస్‌కు రాసిస్తుంది, ఓపిక ఉంటే మ్యాక్‌కి రాస్తుంది, లైనక్స్ అనగానే దానికి వేరే పనులు గుర్తొస్తాయి. కొన్ని మోడళ్లు ఇంకా ఘనం. స్విచ్ ఆపితే తమను నడిపే ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, మొత్తం మర్చిపోతాయి, తెల్లారి వెయ్యగానే కంప్యూటరు మళ్లీ ఎక్కించాలి. రోజూ అక్షరాభ్యాసమే. లైనక్స్ వైపు కూడా హాస్యప్రియులు లేకపోలేదు. ప్రింటరు అర్థంకాని సైగ చేస్తే 'ఎల్‌పీ0 తగలబడుతోంది' (ఎల్‌పీ0 అంటే ప్రింటరుకు లైనక్స్ పెట్టిన పేరు) అని చెప్పే సందేశం ఇప్పటికీ దాని గుండెకాయ అయిన కెర్నల్ కోడులో ఉంది. నాన్నగారి విండోస్‌లో ఇంత నిజాయతీ ఎక్కడుంది? అక్కడ ఇరుక్కున్న పని పక్కన 'డిలీటింగ్' అని పడుతుంది. మర్నాటికీ డిలీటింగే. ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ జాబితాలో అదే ప్రింటరు కాపీ 1, కాపీ 2 అంటూ కొత్తగా పుడుతుంది, వాటిలో కాగితం రాల్చేదేదో డబ్బులు కట్టి కొన్న నాన్నగారికీ తెలియదు.

ఇప్పుడు అమ్మ ప్రశ్నపత్రం. ఈ వ్యాసంలో అసలు బాధితురాలు ఆవిడే కాబట్టి కాస్త ఆగుదాం. ఫైలు తయారైంది విండోస్‌లో, గౌతమి ఫాంటులో, సరిగ్గా ఒక పేజీకి సరిపోయేలా. నాన్నగారు బ్యాంకులో ఉన్నారని కూతురు తన మ్యాక్‌లో తెరిచింది. అక్కడ గౌతమి లేదు, కోహినూర్ తెలుగు వచ్చి కూర్చుంది. వరుసలు సాగాయి, ఎనిమిదో ప్రశ్న సగం రెండో పేజీలో పడింది, 'సంధి విడదీయండి' అన్న మాట పై పేజీలో, విడదీయాల్సిన పదాలు కింది పేజీలో. కొడుకు దగ్గర లోహిత్ తెలుగుతో ఇంకోలా విడిపోయింది. మండల కేంద్రంలో డీటీపీ చేయించిన పాత పేపరైతే అది అను ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే 'సుమతీ శతకం' కాస్తా నెత్తిన గీతలు చుక్కలున్న ఫ్రెంచి అక్షరాల్లా కనిపిస్తుంది. మ్యాకు, లైనక్సు, విండోస్ మూడింటి మధ్య ప్రింటరు కుదిరినా గుణింతం కుదరాలి. పీడీఎఫ్ చేసుకుంటే ఫాంటు కూడా లోపలే మూట కట్టుకొస్తుంది, ఈ తంటా ఉండదు. ఈ ముక్క ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఇంట్లో ముగ్గురు సాంకేతిక నిపుణులున్నారు.

రాజీ ప్రయత్నాలు జరగలేదని కాదు. 2009లో విండోస్ 7తో పాటు హోమ్‌గ్రూప్ వచ్చింది, విండోస్ వాళ్లు విండోస్ వాళ్లతో సుఖంగా పంచుకోవచ్చంది, 2018లో దాన్నీ ఎత్తేశారు. 2010లో గూగుల్ క్లౌడ్ ప్రింట్ వచ్చింది. హాల్లోంచి పడగ్గదికి పోవాల్సిన కాగితం ఎక్కడో గూగుల్ సర్వర్లదాకా వెళ్లి తీర్థయాత్ర ముగించుకుని తిరిగొచ్చేది. వచ్చేది, అది ముఖ్యం. 2020 డిసెంబరు 31న ఆ కాలువనూ పూడ్చేశారు.

నిజం చెప్పుకోవాలంటే ఉమ్మడి భాష లేకపోలేదు. ఐపీపీ అనే ఒప్పందం, 631 నంబరు తూము, 1.1 ప్రమాణం 2000 నాటికే కాగితం మీదికెక్కింది. ఐఫోన్లోంచి తీగ లేకుండా ప్రింటు తీసే ఎయిర్‌ప్రింట్ నడిచేది దాని మీదే. ప్రింటరుకే వైఫై ఉండి ఆ భాష వస్తే ఎగువా దిగువా అన్న మాటే లేదు, ఎవరి కంప్యూటరూ మేలుకుని ఉండక్కర్లేదు, డ్రైవరు సీడీ కోసం అటక ఎక్కక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ కూడా కంపెనీల సొంత డ్రైవర్లను దశలవారీగా సాగనంపుతామని 2023లో ప్రకటించింది. మరి కొత్తది కొనొచ్చుగా? కొనరు. పాతది చావదు. టోనర్ అయిపోయిందని చెప్పాక కూడా క్యాట్రిడ్జి బయటికి తీసి అటూ ఇటూ ఊపితే, డెడ్ స్టోరేజీలోంచి ఇంకో పాతిక పేజీలు తోడుకోవచ్చని నాన్నగారికి అనుభవం. అలా నడిచే యంత్రాన్ని పారేసే తెలుగు తండ్రి ఇంకా పుట్టలేదు.

కొడుకు దగ్గర ప్రతిపాదన ఉంది. ఆ యూఎస్‌బీ తీగను తీసుకొచ్చి తన గదిలోని పాత లైనక్స్ ల్యాప్‌టాప్‌కు గుచ్చుతాడట. ఇంటర్నెట్లో ఎవరో పుణ్యాత్ములు ఊరికే రాసిపెట్టిన డ్రైవరు వేస్తాడట. కప్స్‌లో షేరింగ్ పెడితే మ్యాకూ, ఫోనులూ, నాన్నగారి విండోస్‌తో సహా అన్నిటికీ కనిపిస్తుందట. సాంకేతికంగా అక్షరాలా నిజం. రాజకీయంగా అసాధ్యం. ఎగువ రాష్ట్రం హోదా హాల్లోంచి వెనక గదికి మారడమంటే ఏమిటో, కరెంటు బిల్లు కట్టే మనిషికి విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా రాత్రి రెండింటిదాకా మేలుకునేవాడి చేతికి గేట్లిస్తే కాగితం రిమ్ము ఎన్నాళ్లుంటుందని ఆయన లేవనెత్తిన అభ్యంతరం న్యాయమైనదే.

అందువల్ల ప్రస్తుతం అమల్లో ఉన్న ఏర్పాటు ఇది. కూతురు పీడీఎఫ్‌ను నాన్నగారికి వాట్సాప్ చేస్తుంది. నాన్నగారు వాట్సాప్ వెబ్ తెరిచి, క్యూఆర్ కోడు స్కాన్ చెయ్యడానికి కళ్లజోడు వెతికి, దింపి, ప్రింటు తీసి, 'ఒక్క పేజీ అన్నావు, మూడొచ్చాయి' అని కేకేస్తారు. ఆయన ఊళ్లో లేని రోజు అందరూ వీధి చివర జిరాక్స్ షాపుకు పోతారు. కౌంటరు అద్దానికి అంటించిన వాట్సాప్ నంబరుకు పంపి "అన్నా, లాస్ట్ ఫైలు, రెండు కాపీలు" అంటే చాలు. ఆయనకు ఏ ఆపరేటింగ్ సిస్టమూ పరాయిది కాదు. కాకపోతే ఆ షాపు డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఒక్కసారి చూడండి. కాలనీ మొత్తం ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, ఎంసెట్ హాల్ టికెట్లు, ఒకరి విడాకుల నోటీసు, వరసగా తేదీలవారీగా ఉంటాయి. ఇంట్లో సొంత కొడుకు ప్రింటు కొడితే పాస్‌వర్డ్ అడిగే భద్రతా వ్యవస్థ అంతా కలిసి మనల్ని చేర్చింది అక్కడికి.

కనుక ట్రిబ్యునల్. అధ్యక్ష స్థానానికి అమ్మ పేరు వినబడింది గానీ ఆవిడ కక్షిదారు, కుదరదు. మేనమామను పిలుద్దామంటే ఆయనది క్రోమ్‌బుక్, అయిదో రాష్ట్రం తయారవుతుంది. తుది తీర్పుకు ఎటూ కాలం పడుతుంది. రెండో కృష్ణా ట్రిబ్యునల్‌ను 2004లో వేశారు, గడువు పొడిగించడం మనవాళ్లకు కొత్త కాదు. ఈలోగా మధ్యంతర ఉత్తర్వు ఒక్కటి చాలు: ఎగువ రాష్ట్రం రాత్రి పదకొండు దాకా నిద్రపోకూడదు, రౌటరులో ఆ కంప్యూటరుకు ఒక శాశ్వత చిరునామా ఇవ్వాలి, క్యాట్రిడ్జి ఊపే హక్కు నలుగురికీ సమానం. ఇందుకు ప్రతిగా నాన్నగారు అదనపు కరెంటు ఛార్జీలకు నష్టపరిహారం కోరుతున్నారు. రుజువుగా గత ఆరు నెలల బిల్లులు దాఖలు చేస్తారట. ప్రింటు తీయిస్తున్నారు, జిరాక్స్ షాపులో, కలర్‌లో.