75 వాట్ల కార్డును మాయం చేసిందెవరు?

కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చిన ప్రతిసారీ రివ్యూల నిండా ఫ్రేమ్‌రేట్ల గ్రాఫులే. ఆ పరీక్షలు జరిగేది ఖరీదైన ప్రాసెసర్, భారీ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) ఉన్న మెషీన్ల మీద. ఏ ఆఫీసో వదిలించుకున్న పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్‌కు కార్డు వేద్దామనుకునేవాళ్లకు ఆ గ్రాఫులతో పనిలేదు. వాళ్లు క్యాబినెట్ మూత తీసి ముందు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్. అక్కడ 240 వాట్లనో 300 వాట్లనో ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే ఆరు పిన్నుల వైరు చాలావాటిలో అసలు ఉండదు. ఇలాంటి మెషీన్‌కు సరైనది మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు. అంతకు మించి ఆశపడితే డబ్బు దండగ.

‘ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చేస్తే సరిపోయేదానికి ఇంత గోల ఎందుకు?’ అంటారు. విడి భాగాలు తెచ్చి బిగించిన మామూలు ఏటీఎక్స్ (ఏ కంపెనీ భాగమైనా పట్టే ఉమ్మడి ప్రమాణం) క్యాబినెట్ అయితే ఆ మాట నిజమే, నిక్షేపంగా మార్చుకోండి. బ్రాండెడ్ మెషీన్లలో చాలావాటికి మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టరే వేరు. మామూలు ఎస్‌ఎంపీఎస్ నేరుగా తగిలించాలంటే బోర్డు మార్చాలి, ఆ బోర్డుకు ఈ క్యాబినెట్ చాలాసార్లు సరిపోదు. తీరా అంతా మార్చినా, పాతకాలపు నాలుగు కోర్ల ప్రాసెసర్, ఒంటరి ర్యామ్ స్టిక్ కలిసి పెద్ద కార్డుకు పని అందించలేక చేతులెత్తేస్తాయి.

మరి 75 వాట్ల లోపు ఏమున్నాయి? ఎన్విడియా నుంచి 2016లో జీటీఎక్స్ 1050 టీఐ, 2019లో జీటీఎక్స్ 1650 వచ్చాయి. రెండూ 4 జీబీ మెమరీవే. (1650లో కొన్ని మోడళ్లకు ఆరు పిన్నుల కనెక్టర్ తగిలించి అమ్మారు, చూసి కొనాలి.) 2022లో పోటీ కంపెనీ ఏఎండీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 6400కి 53 వాట్లు చాలు. కానీ దానికి ఇచ్చింది నాలుగే లేన్లు (స్లాటుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారులు). జెన్ 3, అంటే పాత తరం స్లాటున్న బోర్డులో పెడితే ఆ దారి వేగం సగానికి పడిపోతుంది. పాత మెషీన్లకే పనికొచ్చే కార్డు పాత మెషీన్లలోనే నీరసపడేలా తయారైందన్నమాట! ఇక 2024లో ఎన్విడియా 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ తెచ్చింది. ఈ నాలుగింటిలో కొనదగ్గది ఇదే, కాకపోతే దాని పునాది 2020 నాటి డిజైన్.

ఆ తర్వాతి తరాల్లో ఈ మెట్టే లేదు. ఎన్విడియా డెస్క్‌టాప్ 40 సిరీస్‌లో అన్నిటికంటే చిన్నదైన ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు కావాలి. 50 సిరీస్‌లో అట్టడుగున ఉన్న 5050కి ఏకంగా 130.

చేతకాక ఆపేశారా అంటే, అదీ కాదు. 4060లో ఉన్న ఏడీ107 చిప్‌నే కాస్త తగ్గించి, 16 జీబీ మెమరీ పెట్టి, 70 వాట్లకు కుదించి, ఆర్‌టీఎక్స్ 2000 అడా పేరుతో ఎన్విడియా 2024లో విడుదల చేసింది. ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు అక్కర్లేదు, చిన్న క్యాబినెట్లలోనూ పడుతుంది. అదే చిప్ ల్యాప్‌టాప్ 4060 రూపంలో 35 వాట్లకూ దిగి పనిచేస్తోంది. అంటే ఇంజినీర్లు తమ పని ఎప్పుడో పూర్తి చేశారు. ఆ 70 వాట్ల కార్డును వర్క్‌స్టేషన్ల (వృత్తి నిపుణులు వాడే ఖరీదైన కంప్యూటర్ల) వరుసలో పెట్టి, మామూలు 4060కి రెట్టింపు పైన ధర కట్టింది వ్యాపారం. సామాన్యుడి మెషీన్‌కు అన్ని విధాలా సరిపోయే కార్డు ఉంది, అతనికి మాత్రం అందదు. ‘తక్కువ వాట్ల కార్డులకు గిరాకీ లేదు’ అనే వాదన నాకు మింగుడుపడనిది ఇందుకే. అమ్మకానికి పెట్టనిదానికి గిరాకీ ఎలా కనబడుతుంది?

నిజానికి ఈ బాధంతా ప్రమాణాలను ఎవరు పాటించారు, ఎవరు తప్పించుకున్నారు అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే స్లాటుకు ప్రమాణమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2003లో వచ్చింది. అందరూ దానికి కట్టుబడ్డారు కాబట్టే ఇప్పటి కార్డు పదేళ్ల నాటి స్లాటులోనూ కూర్చుంటుంది. ఎస్‌ఎంపీఎస్‌కు కూడా ఇంటెల్ 1995లోనే ఏటీఎక్స్ ప్రమాణం ఇచ్చింది. బ్రాండెడ్ కంపెనీలు స్లాటును ముట్టుకోలేదు కానీ, దానికి కరెంటిచ్చే దారిని తమ సొంత పిన్నులతో మూసేశాయి. కొన్నవాడు మార్చుకోగలిగేది తగ్గేకొద్దీ కొత్త డబ్బా అమ్ముడుపోవడం ఖాయం కదా!

ఫోన్ల విషయంలో ఇలాంటి ఆటకు యూరోపియన్ యూనియన్ అడ్డుకట్ట వేసింది. 2024 డిసెంబర్ నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు యూఎస్‌బీ-సీ చార్జింగ్ తప్పనిసరి, ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్. డెస్క్‌టాప్ లోపలి ఎస్‌ఎంపీఎస్‌ను ఆ నిబంధన పట్టించుకోలేదు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది: డెస్క్‌టాప్ అమ్మే ప్రతి కంపెనీ పెట్టె మీదే ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లదో, మదర్‌బోర్డు కనెక్టర్ ఏటీఎక్స్‌దో కాదో, గ్రాఫిక్స్ కార్డుకు వైరు ఉందో లేదో అచ్చువేయాలి. ప్రాసెసర్ స్టిక్కర్ అంటించడానికి చోటున్న పెట్టెకు ఈ మూడు లైన్లు బరువేమీ కావు.