ఎల్కీ ఎండకూ పెంగ్విన్ మేతకూ మూలం ఒకటే

చిలీ ఉత్తరాదికి ప్లాన్ వేసుకునేవాళ్లలో చాలామంది నక్షత్రాలు చూడటానికి ఎల్కీ లోయకు రోజులు రాసిచ్చి, హంబోల్ట్ పెంగ్విన్ రిజర్వుకు చివర్లో ఒక పూట విదిలిస్తారు. తలకిందుల లెక్క ఇది. ముందు సముద్రం చూడాలి. లా సెరెనా నగరం నుంచి 5వ నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్లి, పడమరకు మళ్లితే రిజర్వు దీవులకు పడవలు బయల్దేరే పుంతా దె చోరోస్ ఊరు. ట్యాంకు లా సెరెనాలోనే నింపుకోవాలి, జేబులో నగదు ఉండాలి. పడవ పొద్దున్నే ఎక్కాలి. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి లేస్తుంది. అలలు పెరిగితే అధికారులు రేవు మూసేస్తారు, ఆ రోజుకు అంతే సంగతులు. అందుకే ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. దిగనిచ్చేది దామాస్ దీవిలోనే. చోరోస్ దీవిని పడవలోంచే చూడాలి. పెంగ్విన్లు గుడ్లు పెట్టే బొరియల మీద కాలు పడితే కూలిపోతాయి మరి.

లోయ ఎక్కడికీ పోదు. కాకపోతే లోయలోని వికూన్యా ఊరి దగ్గరి మమయూకా అబ్జర్వేటరీకి అమావాస్య రోజుల్లో వెళ్లాలి, పున్నమికి వెళ్తే చంద్రుడే దిక్కు.

ఈ రెంటినీ వేర్వేరు ప్యాకేజీలుగా అమ్మడమే అసలు పొరపాటు. హంబోల్ట్ చన్నీటి ప్రవాహం తీరం మీది గాలిని చల్లబరుస్తుంది. బరువెక్కిన ఆ గాలి పైకి లేవదు, వాన పడదు. తేమంతా కమాంచాకా అనే పొగమంచై తీరాన్నే పట్టుకుంటుంది. ఆ మంచు దాటి లోయలోకి వెళ్తే ఎండ, పిస్కో అనే మద్యం చేసే ద్రాక్షతోటలు, సెర్రో తోలోలో కొండ మీద టెలిస్కోపులు. అదే తీరంలో సముద్రం అడుగు నుంచి నీళ్లు పోషకాలతో పైకి వస్తాయి. వాటితో చిన్న చేపలు, ఆ చేపలతో పెంగ్విన్లు బతుకుతాయి.

1990లో ఏర్పడిన ఈ రిజర్వు మూడు దీవులది. పెంగ్విన్ మేత ఆ రిజర్వు హద్దు దగ్గర ఆగదు. ఈ తీరంలోనే తలపెట్టిన దొమింగా ఇనుము-రాగి గనికి రేవు వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు. చిలీ మంత్రుల కమిటీ ఈ గనిని 2017లో, మళ్లీ 2023లో కాదంది. అయినా గొడవ ఆగక కోర్టులకెక్కింది.

గని రావాల్సిన లా ఇగేరా పేద ప్రాంతం, 250 కోట్ల డాలర్ల పెట్టుబడి వస్తుందంటే అక్కడివాళ్లలో చాలామంది ఆశపడటం సహజం. రేవు దీవులకు దూరమేనన్న వాదనా ఉంది. కానీ ఖనిజం మోసే ఓడలు రేవులోనే కూర్చోవుగా!

ఉపాధి మాటకొస్తే, ఇక్కడి మత్స్యకారుల దగ్గరే జవాబుంది. లోకో అనే సముద్రపు నత్తను అతిగా పట్టేశాక 1989లో వేట ఆపేశారు. 1991 చట్టంతో సముద్రపు అడుగున హద్దులు గీసి మత్స్యకార సంఘాలకు అప్పగించడం మొదలైంది. ఎన్ని ఉన్నాయో డైవర్లు లెక్కతీస్తారు, కోటా దాని మీదే. 10 సెంటీమీటర్లకు తగ్గినదాన్ని తీయకూడదు. పర్యాటకుల పడవలూ చాలావరకు వీళ్లవే. గని భవిష్యత్తు తేల్చే కమిటీలో మాత్రం వీళ్లకు కుర్చీ లేదు. ముందు ఆ కుర్చీ వేయండి, రేవు సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.